బాలుర బడులు, గడియార స్తంభాలు: వలస కాలంలో సమయం, హోదా

1. పాఠం లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• 'పబ్లిక్ స్కూలు', 'ప్రిపరేటరీ స్కూలు' అనే మాటల చారిత్రక అర్థాన్ని వివరించగలుగుతారు.
• 19వ శతాబ్దంలో నగరాల మధ్య గడియార స్తంభాలు ఎందుకు వెలిశాయో చెప్పగలుగుతారు.
• ఈ రెండింటికీ మధ్య ఉన్న సంబంధాన్ని బొంబాయి, అజ్మీర్, హైదరాబాదు ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• ఒక పాత కట్టడాన్ని చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో తెలుసుకుంటారు.

2. ఉపోద్ఘాతం

సికింద్రాబాదులో బస్సెక్కిన వారెవరినైనా ఎక్కడ దిగాలని అడిగితే 'క్లాక్ టవర్ దగ్గర' అన్న సమాధానం తరచుగా వినిపిస్తుంది. విజయనగరంలో గంటస్తంభం, అనంతపురంలో క్లాక్ టవర్ కూడా అలాంటి ఊరి గుర్తులే. ఈ రోజు మనలో ఎవరూ సమయం కోసం వాటివైపు చూడరు. చేతికి గడియారం, జేబులో ఫోను ఉన్నాయి. అయినా ఆ స్తంభాలు ఊరి గుర్తులుగా నిలిచే ఉన్నాయి. ఒకప్పుడు వాటిని అంత ఖర్చుపెట్టి, అంత ఎత్తున ఎందుకు కట్టారు?

ఇంకొక ప్రశ్న కూడా వేసుకుందాం. దాదాపు అదే కాలంలో సంపన్నుల, జమీందారుల, సంస్థానాధీశుల కొడుకుల కోసం ప్రత్యేకమైన వసతి పాఠశాలలు వెలిశాయి. వాటిలో ఆడపిల్లలకు చోటు లేదు, పేదలకు చోటు లేదు. పిల్లవాణ్ణి ఇంటినుంచి దూరంగా తీసుకువెళ్లి, గంట మోగినప్పుడు లేపి, గంట మోగినప్పుడు తినిపించి, గంట మోగినప్పుడు పడుకోబెట్టే బడులు అవి. వాటిని అప్పుడే ఎందుకు స్థాపించారు?

పైకి చూస్తే ఈ రెండు ప్రశ్నలకూ పొంతన కనిపించదు. ఒకటి విద్యాచరిత్ర, మరొకటి నగర చరిత్ర. కాని రెండూ ఒకే కాలంలో, ఒకే రకమైన పాలకుల ఆలోచనలో పుట్టాయి. రెండూ ఒకే పాఠం నేర్పాయి. ఆ పాఠం ఏమిటంటే: సమయాన్ని నిర్ణయించేవాడు పాలకుడు, దానికి లోబడి నడుచుకునేవాడు పౌరుడు. అయితే వాటి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. గడియార స్తంభం అందరికీ కనిపిస్తుంది. బడి తలుపు మాత్రం కొందరికే తెరుచుకుంటుంది. ఈ పాఠంలో మనం పరిశీలించబోయేది ఈ తేడానే.

3. మాటల వివరణ

ముందుగా రెండు మాటల గురించి స్పష్టత అవసరం. 'పబ్లిక్ స్కూలు' అంటే ప్రభుత్వ పాఠశాల అని మీరు అనుకునే అవకాశం ఉంది. ఇంగ్లండులో దాని అర్థం వేరు. అది ఫీజు చెల్లించి చదివే స్వతంత్ర పాఠశాల. ప్రభుత్వ నిధుల మీద గాని, ప్రభుత్వ అజమాయిషీ మీద గాని ఆధారపడదు. ఒక ఊరికో, ఒక వృత్తికో పరిమితం కాకుండా ఎక్కడివారైనా ఫీజు కట్టి చేరవచ్చు కాబట్టి దానికి 'పబ్లిక్' అనే పేరు వచ్చింది. వించెస్టర్ పాఠశాలను 1382లో, ఈటన్‌ను 1440లో స్థాపించారు. ఈటన్ స్థాపకుడు ఆరవ హెన్రీ రాజు. మొదట్లో ఈ బడులు పేద విద్యార్థులను ఉచితంగా చదివించడానికి ఏర్పడ్డాయి. కాలక్రమంలో అవి సంపన్నుల చేతుల్లోకి వెళ్లాయి. ఒక సంస్థ పుట్టినప్పటి ఉద్దేశం, పెరిగిన తరువాత దాని పని ఒకటే కానక్కరలేదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

'ప్రిపరేటరీ స్కూలు' అంటే సన్నాహక పాఠశాల. ఆ కాలంలో ఇది సుమారు 8 నుంచి 13 ఏళ్ల మధ్య వయసు గల బాలురను పబ్లిక్ స్కూలు ప్రవేశానికి తయారుచేసిన బడి. వాడుకలో దీన్ని 'ప్రెప్ స్కూలు' అంటారు. ఇదీ ఫీజు బడే, అప్పట్లో చాలావరకు వసతి బడే.

4. ఇంగ్లండులో సన్నాహక పాఠశాల ఎదుగుదల

19వ శతాబ్దం ఆరంభంలో ఇంగ్లండు పబ్లిక్ స్కూళ్లలో క్రమశిక్షణ అంతంత మాత్రం. పెద్ద పిల్లలు చిన్న పిల్లలను హింసించడం సాధారణంగా ఉండేది. 1828 నుంచి 1842 వరకు రగ్బీ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న థామస్ ఆర్నాల్డ్ అక్కడి పద్ధతులను మార్చడానికి ప్రయత్నించాడు. మతం, నీతి, బాధ్యత అనే మూడింటి మీద బడిని నిలబెట్టాలన్నది అతని ఆలోచన. 1857లో వెలువడిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' అనే నవల ఆ బడికి విస్తృత ప్రచారం తెచ్చింది. 1861లో ఏర్పాటైన క్లారెండన్ కమిషన్ తొమ్మిది ప్రసిద్ధ పాఠశాలలను విచారించింది. 1868లో పబ్లిక్ స్కూల్స్ చట్టం వచ్చింది.

పెద్ద బడుల్లో పెద్దవారి మధ్య చిన్న పిల్లలను ఉంచకూడదన్న అభిప్రాయం బలపడిన కొద్దీ చిన్నవారికి వేరే బడులు అవసరమయ్యాయి. విండిల్‌షామ్ హౌస్ 1837లో, ఆక్స్‌ఫర్డ్‌లోని డ్రాగన్ స్కూలు 1877లో మొదలయ్యాయి. 1892 నాటికి ఈ బడుల ప్రధానోపాధ్యాయులకు ఒక సంఘం కూడా ఏర్పడింది. 1904లో 'కామన్ ఎంట్రన్స్' అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చింది. అంటే డెబ్బై ఏళ్లు తిరగకముందే విడివిడిగా పుట్టిన చిన్న బడులు ఒక వ్యవస్థగా మారాయి.

ఈ మార్పుకు సామ్రాజ్యంతో నేరుగా సంబంధం ఉంది. భారతదేశంలో పనిచేసే ఆంగ్ల ఉద్యోగులు తమ పిల్లలను ఇక్కడ పెంచడానికి ఇష్టపడేవారు కాదు. రోగాల భయం ఒక కారణం. పిల్లలు నౌకర్ల భాష, అలవాట్లు నేర్చుకుంటారన్న భయం మరొక కారణం. అందువల్ల ఐదు నుంచి ఎనిమిదేళ్ల వయసులోనే వారిని ఓడ ఎక్కించి పంపేవారు. బొంబాయిలో పుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్‌ను 1871లో, ఆరేళ్లు నిండకముందే ఇంగ్లండులో పరాయివారి ఇంట వదిలారు. ఆ బాధను అతను పెద్దయ్యాక కథగా రాశాడు.

బీహారులోని మోతిహారిలో 1903లో పుట్టిన జార్జ్ ఆర్వెల్ మరొక ఉదాహరణ. అతని తండ్రి భారత ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. ఆర్వెల్ 1911 నుంచి 1916 వరకు ఈస్ట్‌బోర్న్‌లోని సెయింట్ సిప్రియన్స్ అనే ప్రెప్ స్కూలులో తగ్గింపు ఫీజు మీద చదివాడు. పరీక్షల్లో బడికి పేరు తెస్తాడని అతణ్ణి అలా చేర్చుకున్నారు. ధనవంతుల పిల్లల మధ్య తగ్గింపు ఫీజు పిల్లవాడిగా పడిన అవమానాన్ని, దెబ్బలను, ఎప్పుడూ వెంటాడిన భయాన్ని అతను ఒక సుదీర్ఘ వ్యాసంలో రాశాడు. అది అతని మరణానంతరం, 1952లో అచ్చయింది.

ఇక్కడ మీరు చరిత్ర విద్యార్థిగా ఒక విషయం గమనించాలి. ఆర్వెల్ ఆ వ్యాసం రాసింది బడి వదిలిన చాలా ఏళ్లకు. అదే బడిలో చదివిన మరికొందరి జ్ఞాపకాలు అతని జ్ఞాపకాలతో పూర్తిగా కలవవు. అంతమాత్రాన ఆ వ్యాసం పనికిరానిదనలేం. ఆ బడిలో ఫలానా రోజు ఏం జరిగిందన్న దానికి అది బలహీనమైన ఆధారం కావచ్చు. తక్కువ ఫీజుతో చేరిన పిల్లవాడికి ఆ బడి ఎలా అనిపించిందన్న దానికి మాత్రం బలమైన ఆధారమే. ఆధారాన్ని ఏ ప్రశ్నకు వాడుతున్నామన్న దాన్నిబట్టి దాని విలువ మారుతుంది.

5. గడియ నుంచి గడియారానికి

ఇప్పుడు బడి నుంచి వీధిలోకి వద్దాం. మన భాషలోని 'గడియారం' అనే మాటలోనే 'గడియ' ఉంది. పూర్వం రోజును 60 గడియలుగా లెక్కించేవారు. ఒక గడియ అంటే 24 నిమిషాలు. మూడు గంటలు ఒక జాము. కోటల్లో, ఆలయాల్లో నీటి గిన్నెతో కాలాన్ని కొలిచి గంట కొట్టేవారు. సూర్యోదయాన్ని బట్టి రోజు మొదలయ్యేది కాబట్టి ప్రతి ఊరికీ దాని సమయం దానికి ఉండేది. పొలం పనికి, పూజకు, సంతకు అది సరిపోయేది.

ఐరోపాలోనూ పరిస్థితి ఇంతే. ఇంగ్లండులోని బ్రిస్టల్ సమయం లండన్ సమయం కన్నా సుమారు 10 నిమిషాలు వెనక ఉండేది. ఎవరికీ ఇబ్బంది లేదు. రైలు వచ్చిన తరువాత ఇబ్బంది మొదలైంది. ఊరికొక సమయం ఉంటే రైళ్ల రాకపోకల పట్టిక తయారుచేయడం కష్టం. ఒకే పట్టా మీద రెండు రైళ్లు ఎదురుపడే ప్రమాదం కూడా ఉంది. గ్రేట్ వెస్ట్రన్ రైల్వే 1840లో తన స్టేషన్లన్నింటిలో లండన్ సమయాన్ని అమలు చేసింది. 1880లో గ్రీనిచ్ సమయం బ్రిటన్ అంతటికీ చట్టబద్ధమైంది.

ఈ నేపథ్యంలోనే లండన్‌లో ప్రసిద్ధ గడియార గోపురం లేచింది. 1834 అక్టోబరులో పార్లమెంటు భవనం కాలిపోయింది. చార్లెస్ బారీ కొత్త భవనానికి రూపకల్పన చేశాడు. గోపురం రూపంలో అగస్టస్ ప్యూజిన్ పాత్ర ముఖ్యమైనది. 96 మీటర్ల ఎత్తుగల ఆ గోపురంలో గడియారం 1859లో నడవడం మొదలైంది. మనం 'బిగ్ బెన్' అని పిలిచేది నిజానికి అందులోని 13 టన్నులకు పైబడిన పెద్ద గంట పేరు. గోపురానికి 2012లో ఎలిజబెత్ టవర్ అని పేరు పెట్టారు.

శాసనాలు చేసే సభ మీద గడియారం ఉండడాన్ని యాదృచ్ఛికం అనుకోలేం. మధ్యయుగంలో ఊరిలో అతి ఎత్తైన కట్టడం చర్చి శిఖరం. 19వ శతాబ్దంలో ఆ స్థానాన్ని పురపాలక భవనాల గోపురాలు, విశ్వవిద్యాలయాల గోపురాలు పంచుకున్నాయి. 1877లో పూర్తయిన మాంచెస్టర్ టౌన్ హాలు గోపురం ఎత్తు సుమారు 85 మీటర్లు. నూలుమిల్లుల నగరం తన సంపదను, తన క్రమశిక్షణను ఒకే కట్టడంలో ప్రకటించుకుంది.

6. బొంబాయి: రాజాబాయి టవర్

బిగ్ బెన్ గంట మోగిన పదేళ్లకు, 1869లో, బొంబాయి విశ్వవిద్యాలయంలో ఒక గోపురానికి పునాది వేశారు. 1878లో పూర్తయిన ఈ రాజాబాయి టవర్ ఎత్తు సుమారు 85 మీటర్లు. దీని రూపశిల్పి జార్జ్ గిల్బర్ట్ స్కాట్ ఎన్నడూ భారతదేశానికి రాలేదు. లండన్‌లో కూర్చుని పటాలు గీసి పంపించాడు.

డబ్బు మాత్రం ఇక్కడిదే. బొంబాయి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ గ్రంథాలయానికి 2 లక్షల రూపాయలు, గోపురానికి మరో 2 లక్షలు విరాళం ఇచ్చాడు. గోపురానికి తన తల్లి రాజాబాయి పేరు పెట్టాలని కోరాడు. ఆ డబ్బు ఎక్కడిదో కూడా చూడాలి. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందలేదు. భారత పత్తి ధర ఒక్కసారిగా పెరిగింది. బొంబాయి వర్తకులు అపారంగా గడించారు. యుద్ధం ముగియగానే ధరలు కూలి, ప్రేమ్‌చంద్‌తో సహా అనేకులు నష్టపోయారు. అంటే ఈ గోపురంలో దక్కను నల్లరేగడి భూములలో పండిన పత్తి విలువ కూడా దాగి ఉంది.

తల్లి చూపు లేనిదనీ, జైన నియమం ప్రకారం సూర్యాస్తమయానికి ముందే భోజనం చేయవలసిన ఆమెకు గంట చప్పుడుతో వేళ తెలియాలని కొడుకు ఈ గోపురం కట్టించాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. దీన్ని ఐతిహ్యంగానే స్వీకరించాలి. కాని దానిలో ఒక సూచన ఉంది. పాలకుల గడియారాన్ని ప్రజలు తమ ఆచారానికి అనుగుణంగా అర్థం చేసుకున్నారు.

ఇంకొక విషయం. గోపురానికి ఒక స్త్రీ పేరు పెట్టిన 1878 నాటికి ఆ విశ్వవిద్యాలయంలో స్త్రీలకు ప్రవేశం లేదు. 1883లో ఆ నిబంధన మారింది. 1880ల చివరలో కార్నీలియా సొరాబ్జీ అక్కడ పట్టా పొందిన తొలి మహిళ అయింది. గోపురం మీద పేరు రావడం, తరగతి గదిలో కుర్చీ దొరకడం రెండూ ఒకటి కావు.

బొంబాయిలో గడియారం వివాదానికి కూడా కారణమైంది. దేశంలోని రైళ్లు అప్పట్లో మద్రాసు నక్షత్రశాల లెక్కించిన 'మద్రాసు సమయం' ప్రకారం నడిచేవి. అది బొంబాయి స్థానిక సమయం కన్నా సుమారు అరగంట ముందు. 1881లో గవర్నర్ జేమ్స్ ఫెర్గూసన్ ప్రభుత్వ కార్యాలయాలు మద్రాసు సమయం పాటించాలని ఆదేశించాడు. నగరవాసులు తీవ్రంగా వ్యతిరేకించడంతో 1883లో ఆ ఆదేశం వెనక్కి వెళ్లింది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక సమయం అమలులోకి వచ్చింది. ఇది బొంబాయి సమయం కన్నా 39 నిమిషాలు ముందు. ఆ నెలలోనే కొందరు నూలుమిల్లు కార్మికులు దీనిపై నిరసన తెలిపారు. గడియారం ముల్లు ముందుకు జరిగితే, కార్మికుడు చీకట్లోనే 39 నిమిషాల ముందు లేవాలి. కార్యాలయంలో ఉత్తర్వు రాసిన అధికారికి అది ఒక సర్దుబాటు. కార్మికుడికి అది నిద్ర. బొంబాయి నగరంలో పాత సమయం వాడుక 1955 వరకు కొనసాగింది.

7. అజ్మీర్: ఒకే కట్టడంలో బడి, గడియారం

ఇంతవరకు బడిని, గోపురాన్ని విడివిడిగా చూశాం. రెండూ ఒకేచోట కలిసిన కట్టడం రాజస్థాన్‌లోని అజ్మీర్‌లో ఉంది. అదే మేయో కాలేజి. పేరులో కాలేజి అని ఉన్నా, అది బాలుర వసతి పాఠశాల.

1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ ప్రభుత్వం సంస్థానాలను కలుపుకునే విధానం మానుకుంది. సంస్థానాధీశులను ఉంచి, వారిని తమకు అనుకూలంగా మలచుకోవడం మేలని భావించింది. మలచడానికి అనువైన వయసు బాల్యం. భరత్‌పూర్‌లో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న వాల్టర్ అనే అధికారి భారత రాకుమారులకు ఈటన్ వంటి బడి కావాలని 1869లో ప్రతిపాదించాడు. 1870లో అజ్మీర్ దర్బారులో వైస్రాయి మేయో ప్రభువు ఆ ఆలోచనను రాజుల ముందు పెట్టాడు. 1872లో అండమాన్‌లో మేయో హత్యకు గురయ్యాడు. 1875లో అతని పేరుతో బడి మొదలైంది. తొలి విద్యార్థి అల్వార్ సంస్థానానికి చెందిన మంగళ్‌సింగ్. అంతకుముందే, 1870లో, రాజ్‌కోట్‌లో రాజ్‌కుమార్ కాలేజి ప్రారంభమైంది. 1886లో లాహోర్‌లో ఐచిసన్ కాలేజి వచ్చింది.

మేయో కాలేజి ప్రధాన భవనాన్ని మేజర్ చార్లెస్ మాంట్ రూపొందించాడు. 1885లో అది ప్రారంభమైంది. ఛత్రీలు, జాలీలు, వంపు చూరులు రాజపుత్ర కోటల నుంచి తీసుకున్నవి. మధ్యలో నిలిచిన గడియార గోపురం మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చింది. ఈ మిశ్రమ శైలిని ఇండో–సారసెనిక్ శైలి అంటారు. ఈ భవనం రాకుమారుడితో రెండు మాటలు చెప్పింది: నీ వంశం, నీ అలంకారం నీవే ఉంచుకో, నీ సమయాన్ని మాత్రం మేము నడిపిస్తాం.

కాని ఇంగ్లండు బడి పద్ధతి ఇక్కడ యథాతథంగా అమలు కాలేదు. సంస్థానాలు తమ పిల్లల కోసం వేర్వేరు వసతి గృహాలు కట్టించుకున్నాయి. పిల్లల వెంట సంరక్షకులు, నౌకర్లు, గుర్రాలు వచ్చాయి. ఇంగ్లండులో ఆర్వెల్‌కు ఎదురైన ప్రశ్న 'మీ నాన్నకు ఎంత ఆదాయం?' అన్నది. ఇక్కడి పిల్లవాడికి ఎదురైనది 'మీ సంస్థానానికి ఎన్ని ఫిరంగుల వందనం?' అన్నది. రెండుచోట్లా బడి హోదాను చెరిపివేయలేదు. దాన్ని లెక్కించడం నేర్పింది.

8. హైదరాబాదు, సికింద్రాబాదు

మన ప్రాంతానికి వస్తే, 1591లో కట్టిన చార్మినార్‌కు మొదట గడియారాలు లేవు. నాలుగు వైపులా ఉన్న గడియారాలను 1889లో అమర్చారు. 1892లో దానికి సమీపంలో ప్రధానమంత్రి ఆస్మాన్ జా మహబూబ్ చౌక్ గడియార స్తంభాన్ని కట్టించాడు. సికింద్రాబాదులోని 120 అడుగుల క్లాక్ టవర్ ప్రారంభోత్సవం 1897లో జరిగింది. దానికి గడియారాన్ని దానం చేసింది సేఠ్ లక్ష్మీనారాయణ రామ్‌గోపాల్. బొంబాయిలో వలెనే ఇక్కడా పాలకుల గుర్తుకు స్థానిక వర్తకుడు తోడ్పడ్డాడు.

ఎనిమిదేళ్ల వ్యవధిలో ఇన్ని గడియారాలు రావడానికి నేపథ్యం స్పష్టమే. 1874లో సికింద్రాబాదును వాడితో కలిపే రైలు మార్గం మొదలైంది. సికింద్రాబాదు సైనిక స్థావరం. అక్కడ కవాతు వేళకు జరగాలి. హైదరాబాదులో సాలార్‌జంగ్ సంస్కరణల తరువాత కార్యాలయాలు, న్యాయస్థానాలు పెరిగాయి. అన్నింటికీ ఒకే సమయం అవసరమైంది.

బడుల చరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. ప్రముఖ కుటుంబాల బాలుర కోసం 1878లో మదర్సా–ఎ–ఐజ్జా ఏర్పడింది. 1923లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో జాగీర్దార్ల కొడుకుల కోసం జాగీర్దార్ కాలేజిని స్థాపించారు. దీనికి ఆదర్శం ఈటన్. జాగీరు అంటే, శిస్తు వసూలు చేసుకునే హక్కుతో ఇచ్చిన భూమి. ఆ బడి ఖర్చు చివరికి ఎవరి శ్రమ మీద పడిందో ఊహించడం కష్టం కాదు. తెలంగాణ గ్రామంలో శిస్తు కట్టిన రైతు కొడుకు ఆ బడి తోటలో మాలి కాగలిగేవాడేమో గాని, విద్యార్థి కాలేకపోయేవాడు.

9. తలుపులు తెరుచుకున్న తీరు

1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లే లేనప్పుడు జాగీర్దార్ల బడికి అర్థం లేదు. 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అయింది. ప్రవేశానికి పుట్టుక ప్రమాణం కాకుండా పోయింది. అయితే ఫీజు ప్రమాణంగా మిగిలింది. తలుపు తెరుచుకుంది, గడప మాత్రం అలాగే ఉంది.

దీనికి భిన్నమైన ప్రయత్నం 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో జరిగింది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా అక్కడ గురుకుల పాఠశాల మొదలైంది. గ్రామాల్లోని ప్రతిభ గల పిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో వసతి, చదువు అందించడం దాని ఉద్దేశం. 1980ల నుంచి సాంఘిక సంక్షేమ గురుకులాలు కూడా విస్తరించాయి. వసతి గృహం, ఉదయపు గంట, ఆటస్థలం, చదువు వేళలు అన్నీ పాత పబ్లిక్ స్కూలు నుంచి వచ్చిన రూపమే. కాని లోపల కూర్చున్న పిల్లలు మారారు. ఒక రూపం ఎవరికోసం పుట్టిందో వారికే శాశ్వతంగా చెందదని సర్వేలు నిరూపించింది.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఇంటర్మీడియట్ స్థాయిలో ప్రవేశ పరీక్షల శిక్షణ కోసం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు వసతి కళాశాలలు వెలిశాయి. తెల్లవారుజామున మొదలై రాత్రి వరకు సాగే వాటి దినచర్యను మీలో చాలామంది స్వయంగా గాని, మీ పిల్లల ద్వారా గాని చూసి ఉంటారు. ఆర్వెల్ రాసిన బడి కూడా ప్రవేశ పరీక్షల బడే. గంట మోగించే హక్కుకు హద్దు ఎక్కడ అన్న ప్రశ్న అతని బడితో ముగియలేదు.

1982లో మన రాష్ట్రంలో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దీనికి వసతి గృహం లేదు, రోజూ మోగే గంట లేదు. ఉద్యోగం, పొలం, ఇంటిపని ముగిసిన తరువాత మీరు ఎంచుకున్న వేళకు చదువు మొదలవుతుంది. విద్యార్థి సమయాన్ని బడి నిర్ణయించాలన్న పాత నియమాన్ని ఇది తిరగవేసింది. ఇందులో సౌకర్యంతో పాటు భారమూ ఉందని మీకు అనుభవమే: గంట కొట్టేవారు లేనప్పుడు ఆ పని కూడా విద్యార్థే చేసుకోవాలి.

10. సారాంశం

19వ శతాబ్దంలో రైలు, సైన్యం, కార్యాలయం, మిల్లు ఒకే సమయాన్ని కోరాయి. గడియార స్తంభాలు ఆ సమయాన్ని అందరికీ చూపించాయి. అదే కాలంలో బాలుర ప్రత్యేక పాఠశాలలు పాలించబోయే వర్గానికి అదే సమయ క్రమశిక్షణను నేర్పాయి. బొంబాయిలో, సికింద్రాబాదులో కట్టడాలకు స్థానిక వర్తకుల డబ్బు తోడైంది. మేయో కాలేజిలో బడి, గడియార గోపురం ఒకే కట్టడంగా నిలిచాయి. ప్రజలు ఈ సమయాన్ని మౌనంగా స్వీకరించలేదు. బొంబాయి వివాదం అందుకు సాక్ష్యం. స్వాతంత్ర్యం తరువాత బడుల తలుపులు కొంత తెరుచుకున్నాయి. గురుకులాలు అదే రూపాన్ని గ్రామీణ పిల్లలకు అందించాయి. కాబట్టి ఏ పాత కట్టడం ముందు నిలిచినా మూడు ప్రశ్నలు వేయండి: దీనికి డబ్బు ఎవరిచ్చారు? లోపలికి ఎవరిని రానిచ్చారు? దీని గంటకు ఎవరు లోబడ్డారు?

11. మీ ప్రగతిని సరిచూసుకోండి

అ. ఐదు వాక్యాలలో సమాధానం రాయండి.
1. ఇంగ్లండులో 'పబ్లిక్ స్కూలు' అంటే ఏమిటి? ప్రిపరేటరీ స్కూలుకు దానితో ఉన్న సంబంధం ఏమిటి?
2. ఆర్వెల్ వ్యాసాన్ని చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
3. 1906లో ప్రామాణిక సమయంపై మిల్లు కార్మికులు ఎందుకు నిరసన తెలిపారు?

ఆ. రెండు పుటలలో సమాధానం రాయండి.
1. మేయో కాలేజి భవనం బ్రిటిష్ వారి సంస్థాన విధానానికి ఎలా అద్దం పడుతుందో చర్చించండి.
2. జాగీర్దార్ కాలేజి, సర్వేలు గురుకులం: ఈ రెండు వసతి పాఠశాలల ఉద్దేశాలను పోల్చండి.

ఇ. క్షేత్రపరిశీలన
మీ ఊరిలో గాని, దగ్గరి పట్టణంలో గాని ఉన్న ఒక గడియార స్తంభాన్ని లేదా పాత పాఠశాల భవనాన్ని చూడండి. దాని మీది శిలాఫలకాన్ని ఉన్నది ఉన్నట్లు రాసుకోండి. ఫలకం మీద ఎవరి పేర్లు ఉన్నాయో, దాన్ని కట్టిన వారిలో ఎవరి పేర్లు లేవో గమనించి ఒక పుటకు మించకుండా నివేదిక రాయండి. చుట్టుపక్కల ఉన్న పెద్దవారిని అడిగి తెలుసుకున్న సంగతులను ఫలకం చెప్పే సంగతుల నుంచి వేరుచేసి చూపండి.